నెర్రెల్లో చల్లిన జనుము

అనగనగా, మీ అమ్మ పుట్టక ముందు, నేనూ పుట్టక ముందు, ఒక ఊళ్ళో... ఊఁ కొట్టవే బుల్లీ, ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. ఆఁ, అట్లా. ఊరంటే మన ఊరంత కాదులే, ఓ నలభై గడపలు. చుట్టూ నల్లరేగడి.

నల్లరేగడంటే తెలుసుగా? వానొస్తే జిగురు. కాలేస్తే చెప్పు లాగేసుకుంటుంది. ఎండొస్తే బిగుసుకుపోయి, చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది. ఆ రెంటికీ మధ్య ఓ నాలుగు రోజులు మాత్రం మనిషి మాట వింటుంది. ఆ నాలుగు రోజుల్నే పదును అంటారు. దున్నేవాళ్ళు ఆ పదును కోసం చూస్తూ కూర్చోవాలి.

ఆ ఊళ్ళో పేరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి కూర్చోవటం అంటే ఏమిటో తెలియదు. అన్నం నిలబడి తినేది. నీళ్ళు నడుస్తూ తాగేది. మొగుడు చిన్న వయసులోనే జ్వరమొచ్చి పోయాడు. మిగిలింది అత్త అంకమ్మ. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. పొద్దస్తమానం కూర్చునే ఉంటుంది.

ఆ ఇద్దరికీ సొంత జాగా లేదమ్మా. కోతలప్పుడు ఒకళ్ళ కళ్ళంలో పాక, కలుపులప్పుడు ఇంకొకళ్ళ చేలో పాక. పని అయిపోగానే పొమ్మంటారు. చాప చుట్టుకుని, కుండ నెత్తిన పెట్టుకుని, అత్త చెయ్యి పట్టుకుని పేరమ్మ బయలుదేరేది. అట్లా ఒక్క ఏడాదిలో ఐదు చోట్లు మారారు. కాళ్ళు నిలవని మనిషంటూ పేరమ్మని ఊరంతా నవ్వేవాళ్ళు. నిలవటానికి చోటిచ్చారా ఏమన్నా? నాకు ఒళ్ళు మండుతుంది ఆ మాట తలుచుకుంటే.

ఊరి చివర వాగు పక్కన ఎకరం చెక్క ఒకటి ఉమ్మడిది ఉంది. దాన్ని మొండిచెక్క అనేవాళ్ళు. ఊరి నేలంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. ఎవరు దున్నినా నాగలి కర్రు వంగటమే తప్ప గింజ రాలింది లేదు. అప్పుడు ఊరి మునసబు పిచ్చయ్యగారు ఒక మాట చెప్పాడు. "ఎవరు ఈ చెక్కలో జొన్న కంకి తీస్తే చెక్క వాళ్ళది. మూడేళ్ళు గడువు. మూడో ఏడు ముక్కోటి నాటికి కంకి కనపడాలి. కనపడలేదా, పాక పీక్కుని పోవాలి."

ఎవరూ ముందుకు రాలేదు. పేరమ్మ మాత్రం ఆయన మాట పూర్తికాక ముందే చెయ్యెత్తింది. ఆ పూటే చెక్క గట్టు మీద పాక వేసేసింది.

అప్పుడు మొదటి ఏడు వాన పడింది. రాత్రంతా కురిసి తెల్లారేసరికి వెలిసింది. ఊళ్ళో రైతులంతా అరుగుల మీద చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారు, పదును రావాలిగా మరి. పేరమ్మ అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది. పిడికెడు మట్టి తీస్తుంది, పారేస్తుంది.

"ఆగవే పేరీ, మట్టి ఇంకా చేతికి అంటుకుంటంది," అంది అత్త.

"ఈలోపు ముక్కోటి వచ్చుద్ది అత్తా!" అని పేరమ్మ పక్క చేను బసవయ్య దగ్గరికి పరుగెత్తింది. నీ పత్తిలో పది రోజులు కలుపు తీస్తానని చెప్పి ఎడ్లనీ నాగలినీ తెచ్చుకుంది. బురదలోనే దున్నేసింది. సాళ్ళు నున్నగా, తళతళా మెరుస్తూ లేచాయి. పేరమ్మకి ఎంత సంబరమో!

నాలుగు రోజులు ఎండ కాసింది. ఆ మెరిసిన సాళ్ళన్నీ కుండలంత పెళ్ళలైపోయాయి. పార తిరగేసి కొట్టింది. పార పిడి విరిగింది గానీ పెళ్ళ విరగలేదు. చల్లిన జొన్నలు పెళ్ళల సందుల్లోకి జారి ఊపిరాడక కుళ్ళిపోయాయి. ఏదో నాలుగు మొలకలు పైకొస్తే వాటినీ ఉడతలు కొరికేశాయి. మొదటి ఏడు అట్లా పోయింది.

ఆ తర్వాత రెండో ఏడు. "ఈ మట్టి ముద్ద కట్టేస్తంది, ఇందులో ఇసక కలిపితే గుల్లబారదా?" అనుకుంది పేరమ్మ. అనుకోవటమే ఆలస్యం, గంప నెత్తిన పెట్టుకుంది. ఎండాకాలం అంతా వాగు నుంచి చెక్కకి, చెక్క నుంచి వాగుకి. నెత్తి మీద చుట్టకుదురు అరిగిపోయింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

"ఏవే, నేనొక మాట చెబుతాను, ఇట్లా వచ్చి కూర్చో," అని అత్త పిలుస్తూనే ఉంది. "వస్తన్నా అత్తా, వస్తన్నా," అంటూ పేరమ్మ ఇంకో గంప మోసేది.

వాన పడింది. ఇసకా మట్టీ కలిపి తొక్కింది, దున్నింది. ఎండ కాసింది. చెక్క మొత్తం గోడయిపోయింది! అయిపోదూ మరి? పాకకి మట్టిగోడ పెట్టేటప్పుడు ఏం చేస్తారు? నల్లమట్టిలో ఇసక వేసి తొక్కుతారు. ఆ పని పేరమ్మ తన చేత్తో పది ఇళ్ళకి చేసింది. పొలంలోకి వచ్చేసరికి మర్చిపోయింది. తొందర అట్లాంటిదమ్మా, తెలిసినదాన్ని కూడా మరిపిస్తుంది.

జొన్న జానెడు లేచి ఎండిపోయింది. రెండో ఏడూ పోయింది. పిచ్చయ్యగారు గట్టు మీద నిలబడి చూసి, "ఇంక ఒక్కటే ఉంది పేరమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలం మొండిచెక్క ఎన్నడూ లేనంతగా నెర్రెలు బారింది. పేరమ్మకి తిండి లేదు, నిద్ర లేదు. చెక్క చుట్టూ తిరగటమే పని. అట్లా తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు నెర్రెలో కాలు దిగబడి మడమ మెలిపడింది. వాచి మద్దెలైంది. కుంటుకుంటూ వచ్చి పాకలో పడింది.

అప్పుడు, వింటున్నావా, అప్పుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పేరమ్మ అత్త పక్కన కూర్చుంది. అత్త ఆవిడ కాలు తన ఒళ్ళో పెట్టుకుని చింతాకు కాపడం పెడుతూ మాట మొదలుపెట్టింది.

"ఒకేడు దాన్ని నాగలితో కొట్టావు. ఒకేడు ఇసకతో కొట్టావు. దానికి దెబ్బలు కాదే కావాల్సింది, తిండి. మా పుట్టింటి దగ్గర ఇట్లాంటి చేలల్లో వానకాలమంతా జనుము పెంచేవాళ్ళు. తినటానికి కాదు, అమ్మటానికి కాదు. దాని వేరు పారకన్నా లోతుకు పోయిద్ది. పూత మీద ఉండగా కోసి అక్కడే మట్టిలో తొక్కేస్తే మురిగి నేల గుల్లబారుద్ది. ఆ తర్వాత జొన్న వెయ్యి."

"మరి రెండేళ్ళనుంచీ చెప్పవేం అత్తా?"

"నువ్వు కూర్చుంటేగా!"

పేరమ్మ "దున్ని చల్లాలా?" అని అడిగింది.

"దున్నొద్దు. నెర్రెలున్నాయిగా, అవే సాళ్ళు. మొదటి వాన పడి నెర్రె మూసుకునే లోపు గింజ లోపల పడాలి. ఒక్క పూట వ్యవధి ఉంటది, అంతే."

కాలు తగ్గగానే పేరమ్మ నాలుగిళ్ళకి పనికి పోయి, కూలి కింద జనుము గింజలే పెట్టమని అడిగింది. రెండు కుండలు నింపింది. ఇంక వాన రావాలి.

వాన రాలేదు. మృగశిర కార్తె పోయింది, ఆర్ద్ర పోయింది. మబ్బు వస్తుంది, ఉరుముతుంది, గాలికి కొట్టుకుపోతుంది. పేరమ్మ పాకలోంచి బయటికి, బయట నుంచి పాకలోకి. పునర్వసు పోయింది, పుష్యమి పోయింది. ఈసారి ఏం చెయ్యటానికీ లేదు. చేతిలో పార పట్టుకుంటే పాడైపోతుంది పని. అంత బాధ ఆవిడ ఇసక మోసేటప్పుడు కూడా పడలేదట.

ఆశ్లేషలో ఒక మధ్యాహ్నం పెద్ద చినుకులు పడ్డాయి. అంతే! పేరమ్మ కుండ చంకన పెట్టుకుని వానలోకి దూకింది. ఈ నెర్రె, ఆ నెర్రె, ఇటు చివర, అటు చివర. చీర కట్టు మోకాళ్ళ పైకి దోపి, తడిసి ముద్దై, పొద్దుగూకే లోపు ఎకరం మొత్తం చల్లేసింది. ఆవిడ కాబట్టి సరిపోయింది, నాలాంటిదైతే సగం నెర్రెలు మూతబడేవి. తెల్లారి చూస్తే నేల మీద ఒక్క నెర్రె లేదు.

వారానికల్లా చెక్కంతా పచ్చగా గీతలు గీతలుగా మొలిచింది. ఎక్కడ నెర్రె ఉందో అక్కడ జనుము. మొండిచెక్కలో పచ్చదనం చూడటం ఆ ఊరికి అదే మొదలు.

ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? "ఏం పంట పేరమ్మా ఇది? అన్నం వండుతావా, పులుసు పెడతావా?" అని ఒకళ్ళు. "ముక్కోటికి మునసబుకి జనుము పూలదండ వేస్తదేమో," అని ఇంకొకళ్ళు. బదులు చెప్పటానికి పేరమ్మకీ పూర్తిగా నమ్మకం లేదు, అదీ సంగతి.

ఇరవై రోజులైంది. జనుము మోకాలెత్తు పెరిగింది. పేరమ్మ కొడవలి తీసింది. "ఇప్పుడు తొక్కేద్దాం అత్తా, జొన్నకి పొద్దు పోతంది."

అత్త ఒక మొక్క వేళ్ళతో తడిమి, "ఇంకా పసిది. ఇప్పుడు తొక్కితే నీళ్ళయి పోయిద్ది, నేలకి ఏం మిగలదు," అంది. పేరమ్మ కొడవలి చూరులో పెట్టింది. పెట్టిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచుకుంది పాపం.

ముప్ఫై అయిదు రోజులైంది. జనుము నడుమెత్తు పెరిగింది. అప్పుడు పక్క చేను బసవయ్య వచ్చాడు. "నా గేదెలకి మేత లేదు పేరమ్మా. ఎటూ మట్టిలో కలిపేదేగా, నాకు కోసుకోనీ. దున్నేటప్పుడు నా ఎడ్లనిస్తాను."

ఎడ్లు లేకపోతే పేరమ్మకి గడవదు. అయినా, "వద్దు బసవన్నా, నా చెక్కకే ఆకలిగా ఉంది," అంది. బసవయ్యకి కోపం వచ్చింది. "అయితే నా ఎడ్ల మాట ఎత్తకు," అని చరచరా వెళ్ళిపోయాడు.

నలభై అయిదు రోజులైంది. ఒక పొద్దున పేరమ్మ పాక తడిక తీసేసరికి చెక్క మొత్తం పసుపు పచ్చ! అంతా పూతే. తేనెటీగలు ఝుమ్మంటున్నాయి. పేరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. తన చేత్తో వేసింది ఏదన్నా పూయటం ఆవిడ ఎరగదు. ఇన్నాళ్ళూ వేసినవన్నీ పరాయి చేలల్లో వేసినవేగా.

"వాసన వస్తంది. పూసిందా?" అని అడిగింది అత్త. "ఇంక కొడవలి తియ్యి."

"రెండు రోజులు ఆగుదాం అత్తా," అంది పేరమ్మ.

చూశావా బుల్లీ! అన్నం తినటానికి కూడా ఆగని మనిషి ఆగుదాం అంటోంది. అత్త ఆ మాటకి నవ్వలేదు. కోప్పడలేదు. పేరమ్మని దగ్గరకి పిలిచి, ఒక కాడ విరిచి చేతిలో పెట్టింది.

"ఇవ్వాళ పుటుక్కున విరిగింది. రెండు రోజులాగితే నార పట్టి సాగుద్ది, తాడు పేనుకోవటానికే గానీ మురగటానికి పనికిరాదు. నాకూ తెలుసే పిల్లా. కానీ దాని పని ఇంతవరకే."

పేరమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే కొడవలి పట్టింది. పువ్వులతో సహా కోసి, సాళ్ళలో పరిచి, పారతో మట్టి కప్పి, కాళ్ళతో తొక్కింది. ఎడ్లు లేవుగా, అంతా ఒంటి చేతి మీద. రెండు రోజుల్లో కావాల్సిన పని పన్నెండు రోజులు పట్టింది. చివరికి మిగిలిన మూల నార ముదిరిపోతే, దాన్ని పీకి పక్కన పడేసింది.

ఆ తర్వాత మళ్ళీ ఆగాలి. తొక్కింది మురగాలిగా. జల్లులు పడుతున్నాయి, చెక్కంతా ఒకటే కంపు. ఊళ్ళో వాళ్ళు ముక్కు మూసుకుని పోతున్నారు. అందరి జొన్నలూ మొలిచి జానెడెత్తుకొచ్చాయి. బసవయ్య జొన్న మోకాలిని తాకింది. పేరమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది. ముక్కోటి దగ్గరవుతోంది, గింజ ఇంకా కుండలోనే ఉంది. పొద్దున్నే ఒకసారి మట్టి తీసి అత్త చేతిలో పెడుతుంది. అత్త నలిపి, వాసన చూసి, "ఉహూఁ," అంటుంది. సాయంత్రం ఇంకోసారి పెడుతుంది. "ఉహూఁ."

స్వాతి కార్తెలో ఒకరోజు అత్త మట్టి నలిపింది. ముద్ద కాలేదు, రాయి కాలేదు. పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి రాలింది. మధ్యలో ఒక ఎర్ర, అదే వానపాము, మెలికలు తిరుగుతూ అత్త అరచేతిలో ఉండిపోయింది.

"వేసుకో," అంది అత్త.

పేరమ్మ నాగలి కోసం ఎవరి దగ్గరికీ పోలేదు. కర్రతో బొక్క పెట్టటం, రెండు గింజలు వెయ్యటం, మడమతో మూయటం. కర్ర వత్తకుండానే దిగుతోంది. నాలుగో రోజుకి మొలకలొచ్చాయి. ఆ జొన్న పెరిగిన పెరుగుడు నేనేం చెప్పను! ఆకు వెడల్పు నా చేతి వెడల్పు. రంగు నలుపు తిరిగిన పచ్చ. కానీ ఆలస్యంగా వేసిందాయె. ఎంత ఏపుగా ఉన్నా, దాని రోజులు దానికి కావాలిగా.

ముక్కోటి రానే వచ్చింది.

పొద్దున్నే గుళ్ళో దణ్ణం పెట్టుకుని పిచ్చయ్యగారు చెక్క దగ్గరికి వచ్చాడు. వెనకాల ఊరు ఊరంతా వచ్చింది. ఊరి చేలన్నీ కంకులు వేసి గాలికి ఊగుతున్నాయి. పేరమ్మ చెక్కలో మనిషెత్తు జొన్న ఉంది. కంకి మాత్రం లేదు. ఆయన ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. మళ్ళీ నడిచాడు. మూడోసారీ నడిచాడు. ఒక్కటి లేదు.

"మంచి పైరు పేరమ్మా. ఇట్లాంటి పైరు ఈ చెక్కలో నేను చూడలేదు," అన్నాడు ఆయన. "కానీ మాట మాటే. కంకి కనపడాలన్నాం."

"పది రోజులయ్యా! పది రోజులు ఆగండి, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను," అంది పేరమ్మ. ఆ మాట అనటానికి ఆవిడకి ఎట్లా నోరొచ్చిందో.

"నీ కోసం ఆగితే రేపు ఇంకొకళ్ళ కోసం ఆగాలి," అన్నాడు పిచ్చయ్యగారు. ఆయన చెడ్డవాడని కాదు. మాట అంటే మాట, గీత అంటే గీత, అట్లాంటి మనిషి. నాకైతే ఇప్పటికీ ఆయన మీద కోపమే.

పేరమ్మ పాకలోకి వెళ్ళి చాప చుట్టటం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు చుట్టిందో ఆ చాప, చేతులకి అలవాటే. ఈసారి మాత్రం చుట్టలేకపోయింది.

అప్పుడు అంకమ్మ లేచింది. గట్టు పట్టుకుని తడుముకుంటూ చేలోకి దిగింది. ఒక్కో కాడ మీద పైనుంచి కిందికి చెయ్యి రాస్తూ పోతోంది. ఇది కాదు, ఇది కాదు. ఒక కాడ దగ్గర ఆగింది. పైఆకు కింద కాడ కాస్త ఉబ్బి ఉంది. అంకమ్మ గోటితో దాన్ని నిలువునా చీల్చింది. ఆకు తొడుగు విప్పింది. లోపల, పొరల మధ్య, పాలరంగులో మెత్తగా, గింజలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని, వేలెడంత కంకి.

ఆవిడ దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని పిచ్చయ్యగారి ముందుకి చాపింది.

"నాకు చూపు ఆనదు బాబూ. కళ్ళున్నవాడివి, నువ్వు చూసి చెప్పు. ఇదేంటి?"

పిచ్చయ్యగారు వంగి చూశాడు. చేత్తో ముట్టుకోబోయి ఆగిపోయాడు. అంత లేతగా ఉంది అది.

"కంకి," అన్నాడు.

"కనపడిందా?"

పిచ్చయ్యగారు ఊరి వైపు తిరిగాడు. "కంకి కనపడాలన్నాం. కనపడింది. చెక్క పేరమ్మది," అన్నాడు.

పేరమ్మ పాకలోంచి పరుగున వచ్చింది. నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు. వచ్చినదల్లా అటు చివర చిలకలు వాలాయని చప్పట్లు కొడుతూ అటు పరుగెత్తింది. ఆవిడ అంతేలే.

జనమంతా వెళ్ళిపోయారు. చేలో అంకమ్మ ఒక్కతే మిగిలింది. మెల్లిగా వంగి, చేత్తో నేల తడిమి, ఆ మెత్తటి మట్టిలోనే కాళ్ళు చాపుకుని కూర్చుంది. కూర్చుని, చెవి ఒగ్గి విన్నది. ఎవరో ఒకరు వచ్చి, "లేవ్వే ముసలీ, ఇది మా చోటు," అంటారని. చాలాసేపు విన్నది.

ఎవరూ అనలేదు.

పువ్వు పోయె మట్టిలోకి,
కంకి వచ్చె వెలుగులోకి,
కథ నడిచె కంచిలోకి,
మనం ఇక నిద్దట్లోకి!